స్టాక్ మానిఫోల్డ్‌ను కోయాలా, వద్దా: పాత ఎక్లిప్స్ టర్బోకు బయటి వేస్ట్‌గేట్ అమర్చే దారుల పోలిక

మిత్సుబిషి, క్రైస్లర్ సంస్థలు 1985లో ఉమ్మడిగా స్థాపించిన డైమండ్ స్టార్ మోటార్స్ అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, నార్మల్ అనే పట్టణంలో ఎక్లిప్స్, టాలన్, లేజర్ కార్లను తయారుచేసింది. ఆ సంస్థ పేరులోని పొడి అక్షరాలతోనే అభిమానులు వాటిని ఈనాటికీ డీఎస్‌ఎం కార్లు అంటారు. 1990 మోడల్‌తో మొదలైన వీటి టర్బో రకాలలోని 1997 సీసీ 4జీ63 ఇంజన్ ఎంత గట్టిదో, దాని ఎగ్జాస్ట్ వైపు చోటు అంత ఇరుకు. సిలిండర్ల పొగను ఒకచోట కలిపే మానిఫోల్డ్, ఆ పొగ బలంతో తిరుగుతూ ఇంజన్‌లోకి అదనపు గాలిని తోసే టర్బో, రెండూ ఇంజన్‌కు ముందు వైపున, రేడియేటర్ ఫ్యాన్లను దాదాపు తాకుతూ కూర్చుంటాయి. టర్బో బలం పెంచాలనుకున్న ప్రతి యజమానికీ ఎప్పుడో ఒకప్పుడు ఒక సందేహం ఎదురవుతుంది: ఫ్యాక్టరీ నుంచి వచ్చిన (స్టాక్) పోత ఇనుప మానిఫోల్డ్‌కే రంధ్రం చేసి, గొట్టం వెల్డింగ్ చేయించి, బయటి వేస్ట్‌గేట్, అంటే టర్బో ఒత్తిడిని అదుపుచేసే విడి వాల్వు, పెట్టుకోవచ్చా, లేక దానిని అలాగే ఉంచి వేరే దారి వెతుక్కోవాలా? పెట్టుకోవచ్చు, అలా పెట్టుకుని ఏళ్ల తరబడి నడిపినవారూ ఉన్నారు. అయినా ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామందికి మానిఫోల్డ్ మీద గ్రైండర్ పెట్టవలసిన అవసరమే ఉండదని నా అభిప్రాయం. అసలు తేల్చుకోవలసింది గేటు లోపల ఉండాలా, బయట ఉండాలా అన్నది కాదు; ఆ గేటుకు వాయువును ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది.

ముందు జబ్బు ఏమిటో తేలాలి

బూస్ట్, అంటే టర్బో ఇంజన్‌లోకి తోసే గాలి ఒత్తిడి, కోరుకున్న స్థాయికి చేరగానే, సిలిండర్ల నుంచి వచ్చే వాయువులో కొంత భాగాన్ని టర్బైన్ చక్రానికి తగలకుండా పక్కదారి పట్టించడమే వేస్ట్‌గేట్ పని. మొదటి తరం మాన్యువల్ గేరు కార్లతో వచ్చిన 14బి టర్బోలో ఈ పక్కదారి టర్బైన్ హౌసింగ్‌లోనే ఉంటుంది: ఒక రంధ్రం, దాని మీద మూతలా వాలే ఫ్లాపర్, ఆ ఫ్లాపర్‌ను కదిలించే యాక్చువేటర్ కడ్డీ. కంపెనీ ఇచ్చిన సన్నని ఎగ్జాస్ట్ గొట్టం ఉన్నంతకాలం ఆ రంధ్రం సరిపోతుంది. యజమాని 3 అంగుళాల ఎగ్జాస్ట్ వేయించిన రోజున లెక్క మారిపోతుంది. టర్బైన్ వెనుక ఒత్తిడి తగ్గినందువల్ల చక్రానికి ముందూ వెనుకా ఉండే ఒత్తిడి తేడా పెరిగి, అంతే వాయువుతో అది మరింత వేగంగా తిరుగుతుంది. ఫ్లాపర్ పూర్తిగా తెరుచుకున్నా పక్కదారిన పోయే వాయువు చాలదు. 12 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ఆగవలసిన బూస్ట్ ఆర్‌పీఎం పెరిగేకొద్దీ 15కి, 18కి పాకుతూ పోతుంది. దీనినే బూస్ట్ క్రీప్ అంటారు. గాలి దట్టంగా ఉండే చలికాలపు రాత్రుల్లో ఇది మరింత ముదురుతుంది. లోపలికి వచ్చే గాలి హద్దు దాటిందని కారు కంప్యూటర్ గుర్తించి ఇంధనం ఆపేస్తే, ఎవరో వెనుక నుంచి పట్టి లాగినట్టు బండి ఒక్కసారిగా కుదుపుతో ఆగబోతుంది.

అయితే బూస్ట్ అదుపు తప్పిన ప్రతి కారుకూ ఉన్న జబ్బు క్రీప్ కాదు. చిరిగిన వాక్యూమ్ గొట్టం, గాలి కారే యాక్చువేటర్, తలకిందులుగా కలిపిన బూస్ట్ కంట్రోలర్ కూడా ఇవే లక్షణాలు చూపిస్తాయి, వాటికి బయటి గేటు మందు కాదు. రెంటినీ వేరుచేసే పరీక్ష చాలా సులువైనది. యాక్చువేటర్ కడ్డీని విడదీసి, ఫ్లాపర్‌ను పూర్తిగా తెరిచిన స్థితిలో తీగతో కట్టి, డైనో (పవర్ కొలిచే యంత్రం) మీదనో ట్రాక్ మీదనో 3వ గేరులో థ్రాటిల్ పూర్తిగా తొక్కి గేజ్ చూడాలి. అప్పుడు కనిపించే అత్యధిక బూస్టే ఆ పక్కదారి మీకు ఇవ్వగల అతి తక్కువ బూస్ట్. ఏ స్ప్రింగూ, ఏ కంట్రోలరూ దానిని అంతకంటే కిందికి దించలేవు. అది మీరు కోరుకునే స్థాయి కంటే బాగా కింద నిలిస్తే దారి వెడల్పుగానే ఉంది, లోపం అదుపుచేసే భాగాల్లో ఉంది. రెడ్‌లైన్ దాకా ఎక్కుతూనే పోతే దారి ఇరుకని రుజువైనట్టే. జానెడు తీగ తప్ప ఖర్చులేని ఈ పరీక్షను చేయకుండానే వందల డాలర్లు పెట్టి గేటు కొనేవాళ్లు ఎందుకు అంతమంది ఉన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దీనికి ఎదురు జబ్బు ఒకటి ఉంది. 20 పీఎస్‌ఐ దాటి నడపాలనుకునేవారికి మధ్య ఆర్‌పీఎంలో నిలిచిన బూస్ట్ పైకి వెళ్లేకొద్దీ జారిపోతుంది. మానిఫోల్డ్‌లో పేరుకున్న ఎగ్జాస్ట్ ఒత్తిడి ఫ్లాపర్‌ను వెనుక నుంచి నెట్టి తెరిచేయడం దీనికి ఒక కారణం. చిన్న యాక్చువేటర్‌లోని స్ప్రింగ్ ఆ తోపును ఆపలేదు. పెద్ద డయాఫ్రం, మార్చుకోదగిన స్ప్రింగులు ఉన్న బయటి గేటు నిజంగా మెరుగనిపించే సందర్భం ఇదే. కాకపోతే 14బి లాంటి చిన్న టర్బో ఆ స్థాయిలో తన గాలి హద్దుకు కూడా చేరుకుంటుంది కాబట్టి, జారేది గేటు వల్లనా, కంప్రెసర్ అలసట వల్లనా అన్నది కూడా చూసుకోవాలి.

లోపలి గేటునే పెద్దది చేయడం

పరీక్షలో క్రీప్ అని తేలి, కోరుకునే బూస్ట్ 15 పీఎస్‌ఐ చుట్టుపక్కల ఉంటే, నేను మొదట సూచించేది ఇదే. టర్బైన్ హౌసింగ్ విప్పి, లోపలి గేటు రంధ్రాన్ని డై గ్రైండర్‌తో పెద్దది చేసి, వాయువు తిరిగే అంచును గుండ్రంగా తీర్చి, పాత ఫ్లాపర్ స్థానంలో 34 మి.మీ. ఫ్లాపర్ వేస్తారు. ఎవో 3 16జీ టర్బో (మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 3 కారులోని, 14బి కంటే పెద్ద టర్బో) కొన్నవారికి ఆ పెద్ద ఫ్లాపర్ ముందే ఉంటుంది. ఫ్లాపర్ ఎంత పెద్దదైనా, తెరుచుకునేటప్పుడు ఎదురుగా ఉన్న ఓటూ హౌసింగ్ గోడకు తగిలితే సగమే తెరుచుకుంటుంది. టర్బైన్ వెనుక బిగించే, ఆక్సిజన్ సెన్సార్ కూర్చునే ఆ చిన్న పోత ముక్కను కూడా లోపల అరగదీసి చోటు చేయాలన్న సంగతి కొత్తవారు తరచుగా మరిచిపోతారు.

ఇందులో వెల్డింగ్ లేదు, ఖర్చు తక్కువ, ఎమిషన్ పరీక్షకు ఇబ్బంది ఉండదు. ప్రమాదమల్లా ఒక్కటే: రంధ్రాన్ని అతిగా తొలిచి ఫ్లాపర్ కూర్చునే అంచును తినేస్తే, మూత ఎప్పటికీ సరిగ్గా మూసుకోక టర్బో ఆలస్యంగా లేస్తుంది. చుట్టూ కనీసం 2 మి.మీ. వెడల్పున చదునైన అంచు మిగలాలి. అంచుకు మార్కింగ్ నీలం పూసి ఫ్లాపర్‌ను ఒకసారి నొక్కి తీస్తే ఎక్కడ తగులుతోందో, ఎక్కడ తగలడం లేదో కంటికే కనిపిస్తుంది.

ఓటూ హౌసింగ్ మీద బయటి గేటు

బయటి గేటు తప్పనిసరి అనుకునేవారికి డీఎస్‌ఎం కార్లలో ఉన్న ఒక వెసులుబాటు చాలా ఇతర కార్లలో లేదు. లోపలి ఫ్లాపర్‌నూ దాని కడ్డీనీ పూర్తిగా తీసేసి, ఆ రంధ్రం గుండా వచ్చే వాయువును వేరే గదిలోకి తీసుకుని బయటి గేటుకు అందించే ఓటూ హౌసింగులు అమ్మకానికి దొరుకుతాయి. మానిఫోల్డ్ మీద ఒక్క గీత కూడా పడదు. టర్బో విప్పనవసరం లేకుండానే పని ముగించినవారు ఉన్నారు కాని, ఫ్లాపర్ కడ్డీ తిరిగే బుషింగ్ రంధ్రాన్ని గట్టిగా మూయవలసి ఉంటుంది కనుక విప్పి చేయడమే మేలు. ఆ వేలెడు రంధ్రాన్ని వదిలేస్తే వేడి వాయువు నేరుగా ఇంజన్ గదిలోకి ఈల వేస్తూ చిమ్ముతుంది.

ఈ పద్ధతికి రెండు పరిమితులున్నాయి. ఒకటి, గేటు వాల్వు ఎంత పెద్దదైనా వాయువు మొదట దూరవలసింది టర్బైన్ హౌసింగ్‌లోని పాత రంధ్రంలోనే. కాబట్టి ఆ రంధ్రాన్ని పెద్దది చేయకుండా 38 మి.మీ. గేటు తగిలిస్తే, బకెట్ మార్చి కొళాయిని అలాగే ఉంచినట్టు అవుతుంది. రెండు, గేటు గదినీ టర్బైన్ బయటి దారినీ వేరుచేసే అడ్డుగోడ, టర్బైన్ హౌసింగ్ ముఖానికి గట్టిగా అతుక్కుని ఉండాలి. అక్కడ సందు ఉంటే గేటు మూసి ఉన్నప్పుడు కూడా వాయువు పక్కదారిన జారిపోయి, టర్బో లేవడానికి అదనంగా కొన్ని వందల ఆర్‌పీఎం పడుతుంది. కొనేముందు ఆ ముఖం మిల్లింగ్ చేసి ఉందో లేదో స్కేలు ఆనించి చూడండి. రంధ్రం తొలిచే పనినీ, ఈ హౌసింగ్‌నూ కలిపి చేసినవారికి, 16జీ స్థాయి టర్బో దాకా, మానిఫోల్డ్ కోయించినవారికి దొరికినంత అదుపూ దొరుకుతుందని నా నమ్మకం.

మానిఫోల్డ్‌ను కోసి వెల్డింగ్ చేయించడం

ఇది కష్టమైన దారి కాబట్టి దీనిమీద కొంత ఎక్కువసేపు నిలవాలి. దీని బలం సూత్రంలో ఉంది: నాలుగు సిలిండర్ల వాయువూ కలిసిన చోట, ఇంకా టర్బైన్ వైపు మళ్లకముందే పక్కదారి దొరికితే, వాయువుకు గేటు వైపు వెళ్లడమే సులువవుతుంది. అలాంటప్పుడు చిన్న గేటుతోనే బూస్ట్‌ను స్ప్రింగ్ స్థాయిలో నిలపవచ్చు. ఒకే రన్నర్ మీద, అంటే ఒక్క సిలిండర్ గొట్టం మీద గేటు పెట్టినవాటినీ చూశాను. అలా చేస్తే మిగిలిన మూడు సిలిండర్ల వాయువు ఎదురు తిరిగి ఆ గొట్టంలోకి రావాలి. ఎవో కార్లలోలా రెండు స్క్రోళ్ల టర్బో (టర్బైన్‌లోకి వాయువు రెండు వేరు దారుల్లో వచ్చేది) ఉంటే, రెండు వైపుల నుంచీ గేటుకు దారి ఉండాలి.

ఇక ఆ చోటు ఎంత ఉందో కొలుద్దాం. గేటు గొట్టం వాయువు పారే దిశకు ఎంత ఏటవాలుగా కలిస్తే అంత మంచిది, నిలువుగా 90 డిగ్రీల కోణంలో కలిస్తే అంత చెడ్డది. అయితే 38 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న గొట్టం గోడకు 45 డిగ్రీల కోణంలో కలవాలంటే కోయవలసిన కోడిగుడ్డు ఆకారపు రంధ్రం పొడవు దాదాపు 54 మి.మీ. ఉంటుంది, 30 డిగ్రీలకు అది 76 మి.మీ. అవుతుంది. డీఎస్‌ఎం స్టాక్ మానిఫోల్డ్‌లో రన్నర్లు కలిసే చోటుకూ టర్బో ఫ్లాంజ్‌కూ మధ్య అంత చదునైన గోడ దొరకదు, దొరికినచోట స్టడ్ నట్టుకు స్పానర్ దూరదు. అందుకే ఈ మానిఫోల్డ్‌లపై చేసిన పనుల్లో చాలావరకు నిలువుకు దగ్గరగా కలిసే చిన్న గొట్టాలే కనిపిస్తాయి. సూత్రంలో ఉన్న లాభంలో సగం అక్కడే పోతుంది.

తరువాతది లోహం. పోత ఇనుములో కర్బనం 2 శాతానికి పైనే ఉంటుంది. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన గాజులా పెళుసైన పొర ఏర్పడుతుంది. ముందుగా మీ మానిఫోల్డ్ ఏ రకం ఇనుమో తెలుసుకోవడం మంచిది: పక్కన ఎక్కడైనా డ్రిల్ పెట్టినప్పుడు నల్లని పొడి రాలితే అది మామూలు గ్రే ఐరన్, చిన్న చిన్న చుట్టలుగా లోహం వస్తే సాగే గుణమున్న డక్టైల్ ఐరన్. రెండవదానికి వెల్డింగ్ కొంత సులువు. రెండింటికీ వాడవలసింది నికెల్ రాడ్డే. 99 శాతం నికెల్ ఉన్నది మెత్తగా ఉండి తరువాత మిల్లింగ్‌కు లొంగుతుంది, 55 శాతం నికెల్, మిగతాది ఇనుము ఉన్నది చవకగా, బలంగా ఉంటుంది. మానిఫోల్డ్ మొత్తాన్ని 260 డిగ్రీల సెల్సియస్‌కు పైగా సమంగా వేడిచేసి, అంగుళానికి మించని చిన్న అతుకులు వేస్తూ, ప్రతి అతుకునూ వేడిగా ఉన్నప్పుడే చిన్న సుత్తితో తడుతూ, చివరన పొడి ఇసుకలోనో వర్మిక్యులైట్‌లోనో పాతి రాత్రంతా చల్లారనివ్వాలి. ఇది అరగంటలో అయ్యే పని అని చెప్పే వెల్డర్‌కు మీ మానిఫోల్డ్ ఇవ్వకండి. మన ఊళ్లలో పాత పోత ఇనుప భాగాలకు ఇత్తడి అతుకు వేసే నేర్పరులు ఇంకా ఉన్నారు; వాటర్ పంపు బాడీకి అది చక్కని వైద్యం, కాని లోడ్‌లో 850, 900 డిగ్రీలు తాకే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద ఆ ఇత్తడి మెత్తబడి కరిగిపోతుంది.

గొట్టానికి ఏ లోహం వాడాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. మెరుస్తుంది, తుప్పు పట్టదు అని 304 రకం స్టెయిన్‌లెస్ గొట్టం అడుగుతారు. కాని వేడికి అది పోత ఇనుము కంటే రమారమి ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది. 40 మి.మీ. అడ్డకొలత ఉన్న అతుకు దగ్గర 800 డిగ్రీల వేడికి ఆ తేడా 0.2 మి.మీ. దాకా వస్తుంది. వినడానికి స్వల్పమే, కాని ఆ పెళుసు పొరకు ప్రతి ప్రయాణంలోనూ ఒకసారి అంత సాగి, మళ్లీ ముడుచుకోవలసి రావడం చాలు. ఒక పరిచయస్తుడి మానిఫోల్డ్‌కు స్థానిక షాపులో స్టెయిన్‌లెస్ గొట్టాన్ని స్టెయిన్‌లెస్ తీగతోనే అతికించారు. అతుకు చూడముచ్చటగా ఉంది, నాలుగు వారాల తరువాత ఆ అతుకు చుట్టూ, సరిగ్గా దాని అంచు వెంబడే, వెంట్రుకవాసి పగులు ఉంగరంలా తిరిగింది. అక్కడ మందమైన మైల్డ్ స్టీల్ గొట్టమో, ఎగ్జాస్ట్‌లకు వాడే 409 రకం స్టెయిన్‌లెస్సో వాడితే వ్యాకోచం పోత ఇనుముకు దగ్గరగా ఉంటుంది. మైల్డ్ స్టీల్ తుప్పు పడుతుంది, పట్టనివ్వండి, 3 మి.మీ. గోడ తుప్పుకు పోవడానికి చాలా ఏళ్లు పడుతుంది.

వెల్డింగ్‌లో ఫ్లాంజులు వంగకుండా మానిఫోల్డ్‌ను పాత సిలిండర్ హెడ్‌కో, మందమైన ఉక్కు పలకకో బిగించి పని చేయాలి. తరువాత హెడ్ వైపు ముఖానికి నిఖార్సైన స్కేలు ఆనించి ఫీలర్ గేజ్ దూర్చి చూసి, 0.15 మి.మీ. మించి దూరితే మిల్లింగ్ చేయించాలి. గొట్టం లోపల మిగిలిన స్లాగ్ (వెల్డింగ్ మడ్డి) ముక్క ఒక్కటి ఊడినా, అది నేరుగా వెళ్లి తగిలేది నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే టర్బైన్ రెక్కలకు. లోపలి గేటు రంధ్రాన్ని కూడా ఫ్లాపర్‌ను వెల్డింగ్ చేసో, ప్లగ్ వేసో పూర్తిగా మూయాలి. ఇన్నీ చేశాక కూడా మీ చేతిలో ఉండేది ముప్పై ఏళ్ల పాత పోత ముక్క. ఈ కార్ల మానిఫోల్డ్‌లు కోయకపోయినా పగులుతాయి. అందుకే పని మొదలుపెట్టే ముందు రంగు చొప్పించి పగుళ్లు చూపే డై పెనెట్రెంట్ పరీక్ష చేయించి, పగులు కనిపిస్తే ఆ ముక్కను పక్కన పెట్టేయాలి.

మధ్యేమార్గాలు రెండు

మానిఫోల్డ్‌కూ టర్బోకూ మధ్య గేటు గొట్టం ఉన్న మందపాటి పలకను దూర్చడం ఒక పద్ధతి. పోత ఇనుముకు వెల్డింగ్ ఉండదు, ఎప్పుడైనా విప్పి పాత స్థితికి తేవచ్చు. కాని పలక మందం ఎంతో టర్బో అంత కిందికి జరుగుతుంది. ఆయిల్ తిరిగివచ్చే గొట్టం, నీటి గొట్టాలు, డౌన్‌పైపు, ఇంటర్‌కూలర్ గొట్టం అన్నీ మళ్లీ సరిచేయాలి. పైగా వాయువు అక్కడ నిట్టనిలువుగా పక్కకు తిరగాలి. డీఎస్‌ఎంలో ఇది నాకు నచ్చదు. చోటు ధారాళంగా ఉన్న కార్లలో ఆలోచించవచ్చు.

టర్బైన్ హౌసింగ్ నత్తగుల్ల మెడ మీదే గేటు గొట్టం వెల్డింగ్ చేయించడం రెండవది. అక్కడ మొత్తం వాయువు ఒకే దారిలో పారుతుంది, కోణం కూడా అనుకూలంగా దొరుకుతుంది. వెల్డింగ్ కష్టాలు మానిఫోల్డ్‌కు చెప్పినవే. పాడైతే మాత్రం పోయేది హౌసింగ్ ఒక్కటే కాబట్టి, చవకగా దొరికే 14బి హౌసింగ్‌తో ప్రయోగం చేయదలచినవారికి మానిఫోల్డ్ కంటే దీనినే ముందు చెబుతాను.

ఈ సందర్భంగా హైదరాబాదులోనో విజయవాడలోనో ఇదే ఆలోచనతో ఉన్నవారికి ఒక మాట. స్కోడా, ఫోక్స్‌వాగన్ 1.0 టీఎస్‌ఐ లాంటి ఇప్పటి ఇంజన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌లోనే కలిసిపోయి ఉంటుంది, టర్బో నేరుగా హెడ్‌కు బిగుస్తుంది. కోయడానికి అక్కడ విడి మానిఫోల్డ్ లేదు. పాత ఆక్టేవియా 1.8 టర్బోలో విడి పోత మానిఫోల్డ్ ఉంది కనుక పైన చెప్పిన లోహం సంగతులన్నీ దానికి వర్తిస్తాయి.

కొత్త మానిఫోల్డ్

లక్ష్యం 16జీని దాటి పెద్ద టర్బో అయితే, స్టాక్ మానిఫోల్డ్ మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా. గేటు ఫ్లాంజ్‌తోనే పోతపోసిన మానిఫోల్డ్, లేదా గొట్టాలతో కట్టిన మానిఫోల్డ్ కొనాలి. సన్నని స్టెయిన్‌లెస్ గొట్టాలతో చవకగా కట్టినవి టర్బో బరువును మోయలేక, గొట్టాలన్నీ కలిసే కలెక్టర్ దగ్గర చీలుతాయి; షెడ్యూల్ 10 (గొట్టపు గోడ మందానికి ఒక ప్రామాణిక కొలత) మందం ఉన్న గొట్టం, టర్బోను బ్లాక్‌కు పట్టి ఉంచే బ్రాకెట్, కింద కదలికను మింగే ఫ్లెక్స్ గొట్టం ఈ మూడూ ఉంటేనే రోడ్డు కారుకు పనికివస్తుంది. నన్నడిగితే రోజూ నడిపే కారుకు పోత మానిఫోల్డే మేలు: బరువెక్కువ, అందం తక్కువ, చప్పుడూ గొడవా లేదు. అసలు మానిఫోల్డ్‌ను ముట్టుకోకుండా అటక మీద దాచుకోవచ్చు కనుక, కారు అమ్మే రోజున అది కూడా ధర పలుకుతుంది.

గేటు సైజు, స్ప్రింగ్, పొగ దారి

ఎక్కువ పవర్‌కు పెద్ద గేటు కావాలనుకోవడం సహజం, కాని లెక్క తరచుగా తిరగబడుతుంది. గేటు గుండా పోవలసింది టర్బైన్‌కు అక్కరలేని వాయువు మాత్రమే. చిన్న టర్బైన్, స్వేచ్ఛగా పారే ఎగ్జాస్ట్, తక్కువ బూస్ట్ కలిసినప్పుడు ఆ మిగులు ఎక్కువగా ఉంటుంది. అదే టర్బోను 20 పీఎస్‌ఐ దగ్గర నడిపితే మిగులు తగ్గి చిన్న గేటే చాలుతుంది. టయల్ లాంటి సంస్థల గేట్లలో ఈ కార్లకు ఎక్కువగా వాడేవి 38, 44 మి.మీ. సైజులు. వాల్వు వైశాల్యంలో రెండవది మొదటిదానికంటే దాదాపు 34 శాతం పెద్దది. మంచి చోటు నుంచి వాయువు తీసుకుంటే 38 చాలు. నిలువుగా కలిసే గొట్టంతో 10, 12 పీఎస్‌ఐ దగ్గర నిలపాలంటే 44 వైపు మొగ్గాలి. గేటుకు ఇచ్చే గొట్టం లోపలి కొలత వాల్వు కంటే చిన్నది కాకూడదు. షెడ్యూల్ 10 రకంలో ఒకటింపావు అంగుళాల గొట్టం లోపల 36.6 మి.మీ. మాత్రమే ఉంటుంది కాబట్టి, 38 గేటుకు కూడా ఒకటిన్నర అంగుళాల గొట్టమే తీసుకోవాలి. దాని లోపలి కొలత 42.7 మి.మీ.

స్ప్రింగ్‌ను మీరు నడపదలచిన అతి తక్కువ బూస్ట్‌కు తగ్గట్టు ఎంచుకోండి. పక్క పోర్టుకు కంప్రెసర్ ఒత్తిడి కలిపితే గేటు స్ప్రింగ్ స్థాయిలో తెరుచుకుంటుంది. పై పోర్టుకు సోలినాయిడ్ ద్వారా ఒత్తిడి ఇస్తే మూసి ఉంచే బలం పెరిగి, స్ప్రింగ్ స్థాయికి రమారమి రెట్టింపు దాకా బూస్ట్‌ను ఎత్తవచ్చు. డీఎస్‌ఎంలో గేటు, టర్బైన్ పక్కపక్కనే ఉంటాయి కనుక సిలికాన్ గొట్టం నేరుగా గేటు డోమ్ (పై మూత) దాకా తీసుకువెళ్లకుండా చివరి జానెడు రాగి గొట్టమో ఉక్కు గొట్టమో వేయడం మంచిది. ఆ చిన్న గొట్టం కరిగి ఊడిన క్షణాన గేటుకు బూస్ట్ ఎంతుందో తెలియదు, అది మూసుకునే ఉండిపోతుంది.

గేటు నుంచి వచ్చే వాయువును బయటికి వదలడమా, డౌన్‌పైపులో తిరిగి కలపడమా అన్న వాదనలో నాకు రెండో మాట లేదు. బయటికి వదిలితే ఆ వాయువు క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తప్పించుకుంటుంది. అమెరికాలో క్లీన్ ఎయిర్ చట్టం ఎమిషన్ పరికరాలను ఇలా పక్కన పెట్టడాన్ని నిషేధిస్తుంది, భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలను మార్చడాన్నే అడ్డుకుంటుంది. ఆ చప్పుడు రెండు వీధుల అవతలికి వినిపించడం, బానెట్ కింద వైర్లు మాడడం అదనం. తిరిగి కలిపేటప్పుడు టర్బైన్ నుంచి కనీసం అడుగు దూరం కిందికి తీసుకువెళ్లి ఏటవాలుగా కలపాలి, మధ్యలో చిన్న ఫ్లెక్స్ ముక్క పెట్టాలి. అది లేకపోతే రెండు గొట్టాల వ్యాకోచం ఒకదానినొకటి నెట్టుకుని, పగులు మళ్లీ మానిఫోల్డ్ దగ్గరే తేలుతుంది.

ఎవరికి ఏది

స్టాక్ 14బి, 3 అంగుళాల ఎగ్జాస్ట్, 15 పీఎస్‌ఐ లోపు బూస్ట్, రోజూ నడిపే కారు: తీగ పరీక్ష చేసి, రంధ్రం తొలిపించి, 34 మి.మీ. ఫ్లాపర్ వేయించండి. 16జీ టర్బోతో 18 నుంచి 22 పీఎస్‌ఐ మధ్య స్థిరమైన బూస్ట్ కోరేవారు, ముఖ్యంగా స్ప్రింగ్ మార్చి ట్రాక్ రోజుకు ఒక స్థాయి, రోడ్డుకు ఒక స్థాయి పెట్టుకోవాలనుకునేవారు, తొలిచిన హౌసింగ్‌తో ఓటూ హౌసింగ్ గేటు తీసుకోవచ్చు. అంతకు మించిన టర్బోకు కొత్త పోత మానిఫోల్డ్.

స్టాక్ మానిఫోల్డ్‌ను కోయించడానికి మిగిలేది రెండు రకాల యజమానులే: క్లాస్ నియమాల వల్ల ఫ్యాక్టరీ మానిఫోల్డే వాడవలసిన పోటీదారు, లేదా నికెల్ రాడ్ చేతిలో పట్టుకోవడం తెలిసి, పగుళ్లు లేని రెండవ మానిఫోల్డ్ షెడ్డులో ఉన్నవాడు. అలాంటివారు మొదటి వంద మైళ్లు నడిపాక, ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి, మానిఫోల్డ్‌ను హెడ్‌కు పట్టి ఉంచే నట్లను మళ్లీ టార్క్ చేసి, అతుకు అంచు చుట్టూ ఇంకోసారి డై పూసి చూడాలి; అక్కడ ఎర్రని గీత తేలకపోతే, తరువాతి తనిఖీని ఆయిల్ మార్పు దాకా వాయిదా వేసుకోవచ్చు.